అఖండ ఎల్‌ఈడీ

మెట్టవలస ప్రభుత్వ పాలిటెక్నిక్‌కు మైక్రోకంట్రోలర్ బోర్డులు మంజూరయ్యాయని తెలిసిన రోజున హైమవతి స్టాఫ్‌రూములో అందరికీ ఉల్లిపాయ పకోడీ పెట్టింది. పెట్టదా మరి? ఎలక్ట్రానిక్స్ లెక్చరరుగా చేరినప్పటి నుంచీ ఆ బోర్డును ఆవిడ నల్లబల్ల మీద సుద్దముక్కతోనే గీసి చూపిస్తోంది. ఇదిగో ఇక్కడ కరెంటు వస్తుంది, ఇక్కడ ప్రోగ్రాము ఎక్కుతుంది, ఇక్కడ బుల్లి దీపం వెలుగుతుంది అని చెబుతుంటే పిల్లలు బుద్ధిగా తలూపేవారు. గంట కొట్టాక డస్టరుతో తుడిచేస్తే మైక్రోకంట్రోలరు కూడా పోయేది.

పోయినేడు విశాఖపట్నం నుంచి పంపుసెట్లకు కంట్రోలు పెట్టెలు చేసే ఫ్యాక్టరీవాళ్ళు ఉద్యోగాలిస్తామని వచ్చారు. పిల్లలకు తలో బోర్డు ఇచ్చి, దీనిమీదున్న దీపాన్ని ఆరుతూ వెలిగేలా చెయ్యండి చాలన్నారు. ప్రపంచంలో ఎక్కడైనా ఈ బోర్డుతో మొదటి పాఠం అదే. సెకను వెలగాలి, సెకను ఆరాలి. చదువుకు ఓనమాలు ఎలాగో దీనికి అది అలాగ. మెట్టవలస పిల్లలు బోర్డును అటు తిప్పి ఇటు తిప్పి, స్విచ్చి ఎక్కడుందండీ అని అడిగారు. ఫ్యాక్టరీవాళ్ళు టీ తాగి, ఒక్కరినీ తీసుకోకుండా వెళ్ళిపోయారు. తప్పు పిల్లలది కాదు, సుద్దముక్కది. ఆ సంగతి హైమవతికి తెలుసు కనకే ఆ రాత్రి అన్నం సయించలేదు. ఈ ఏడు ఫిబ్రవరిలో వాళ్ళు మళ్ళీ వస్తారు. ఈసారి ఒక్క పిల్లయినా ఒక్క పిల్లాడయినా స్విచ్చి ఎక్కడని అడగకూడదు. ఆవిడకు కావలసిందల్లా అంతే.

బోర్డులు వానాకాలంలో అట్టపెట్టెలో దిగాయి. క్లాసులో పిల్లలు నలభైమంది, పెట్టెలో బోర్డులు నలభై. ప్రభుత్వ లెక్కల్లో ఇలా కుదరడం అరుదు. హైమవతి ఆనందంగా కత్తెర తీసుకుని పెట్టె విప్పబోతే ప్రిన్సిపాల్ భానోజీరావు గారు వచ్చి పెట్టె మీద అరచెయ్యి ఆనించారు.

“తొందరపడకండి మేడం. ఇది ‘నైపుణ్య జ్యోతి’ పథకం సరుకు. ప్రారంభోత్సవం కానిదే విప్పరాదు.”

“పిల్లలు వాడడం మొదలుపెడితే అదే ప్రారంభం కదండీ?”

“పిల్లలు మొదలుపెడితే ఎలా అవుతుందండీ? పైనుంచి ఎవరో ఒకరు రావాలి.”

పైనుంచి రావలసినవారు ఆ పథకానికి సంయుక్త సంచాలకులు మార్తాండరావు గారు. ఆయన వస్తానన్నప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చింది. దసరా వచ్చింది, తుపాను వచ్చింది, ఆడిట్ వచ్చింది. ఆయన మాత్రం నవంబరులో వచ్చారు.

ఆయనకొక దిగులుంది. వెనకెప్పుడో ఒక సభలో ఆయన వెలిగించిన కుంది ఫ్యాను గాలికి కొండెక్కింది. పక్షం తిరక్కుండా ఆయన్ని ఏజెన్సీకి బదిలీ చేశారు. దోమల మధ్య రెండేళ్ళుండి, ఎవరెవరి గడపలో తొక్కి, ఎలాగో కిందికి దిగారు. అప్పటినుంచి తాను వెలిగించిన దీపం ఆరకుండా ఉండడమే ఆయన ఉద్యోగానికి పరమార్థమైపోయింది. ఫ్యాన్లున్న సభలకు వెళ్ళడం మానేశారు. అందుకే భానోజీరావు గారు ఫోనులో “మనది ఎలక్ట్రానిక్స్ సభ కదండీ, డిజిటల్ జ్యోతి వెలిగిద్దాం, గాలికి ఆరదు” అనగానే మారుమాట్లాడకుండా ఒప్పుకున్నారు.

సభ రోజున వేదిక మీద పట్టుగుడ్డ పరిచి, దాని మీద పళ్ళెం, పళ్ళెంలో బంతిపూలు, పూల మధ్యలో బిస్కెట్టంత బోర్డు పెట్టారు. పక్కన ఒక మీట. మీట నొక్కితే ఎర్ర ఎల్‌ఈడీ వెలుగుతుంది. ప్రోగ్రాము హైమవతే రాసింది. పిల్లలకు మొదటి పాఠం కూడా అక్కడే అయిపోతుందని ముచ్చటపడి సెకను వెలగడం, సెకను ఆరడం రాసింది. ఆవిడ చేసిన నేరం అదొక్కటే.

మార్తాండరావు గారు చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, మీట నొక్కారు. ఆవగింజంత దీపం వెలిగింది. హాలంతా చప్పట్లు. దీపం ఆరింది. చప్పట్లు ఆగిపోయాయి. దీపం వెలిగింది. మొదటి వరుసలో సగంమంది మళ్ళీ మొదలుపెట్టారు. దీపం ఆరింది. ముందు కూర్చున్న పెద్దావిడ ఎవరో “అయ్యో రామ, ఇదేటమ్మా” అంది.

మార్తాండరావు గారి మొహంలో నెత్తుటిచుక్క లేదు.

“ఏమయ్యా ప్రిన్సిపాలూ, నేను వెలిగించిన జ్యోతి కొండెక్కిందేమిటి?”

“మళ్ళీ వెలిగింది సార్.”

“మళ్ళీ ఆరింది కదయ్యా.”

“మళ్ళీ వెలిగింది కద సార్.”

ఈ సంభాషణ దీపంతో పాటు అలా ఎంతసేపైనా సాగేదే. హైమవతి ముందుకొచ్చి, “అది ఆరిపోవడం కాదండీ. ఆరి వెలిగితేనే ప్రోగ్రాము సరిగ్గా ఉన్నట్టు. పాఠం అదే” అని నచ్చజెప్పబోయింది.

“అమ్మా,” అన్నారు మార్తాండరావు గారు, మైకు ముందున్న సంగతి గుర్తుపెట్టుకుని. “విద్యాజ్యోతిని వెలిగించుట ప్రభుత్వ విధానము. ఆర్పుట ఏ విధానపత్రములోనూ లేదు. మీరు మా విద్యార్థినీ విద్యార్థులకు ఆర్పుట నేర్పుచున్నారా?”

హైమవతి ల్యాప్‌టాపు తెచ్చి, ఆర్పమని చెప్పే వాక్యం కొట్టేసి, ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించింది. దీపం కదలకుండా మెదలకుండా వెలుగుతూ కూర్చుంది. మార్తాండరావు గారు దాన్ని తదేకంగా చూసి, గుండెల మీద చెయ్యి వేసుకుని, ఇడ్లీ తినడానికి వెళ్ళారు. హైమవతి అంతటితో పీడ విరగడైంది అనుకుంది.

మర్నాడే ఉత్తర్వు దిగింది. భానోజీరావు గారు స్టాఫ్‌రూములో నిలబడి చదివారు. “సదరు జ్యోతి తదుపరి ఉత్తర్వులు వెలువడు పర్యంతము నిర్విరామముగ వెలుగుచుండవలెను. ఎట్టి పరిస్థితులలోనూ ఆరరాదు. ఆరినచో బాధ్యులపై శాఖాపరమైన చర్యలు గైకొనబడును.”

కాలేజీలో కరెంటు ఉన్నంతసేపు ఉంటుంది, లేనంతసేపు ఉండదు. కాబట్టి ఆఫీసు ఇన్వర్టరు తెచ్చి దీపానికి పెట్టారు. ఆఫీసులో ఉక్కపోతకు గుమాస్తాలు ఉత్తర్వు కాగితాలతోనే విసురుకున్నారు. బోర్డుకు గాజుపెట్టె చేయించి ల్యాబులో పెట్టారు. కాపలాకు అటెండరు సింహాచలాన్ని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అతనికి చెప్పిన డ్యూటీ ఏమిటంటే, దీపాన్ని చూస్తూ ఉండడం.

“ఉజ్జోగంలో సేరిన కాణ్నించి ఇంత సుఖవఁయిన డూటీ ఎరగను మేడంగారూ,” అన్నాడు సింహాచలం. “కాపోతే అది ఆరితే నా కొలువూ ఆరిపోద్దన్నారు. అందుకే నీళ్ళు కూడా ఎక్కువ తాగడం నేదు.”

హైమవతి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది. “సార్, ఆ ఒక్కటీ పెట్టెలోనే ఉంచండి. మిగతావి పిల్లలకిచ్చెయ్యండి. ఫిబ్రవరి దగ్గర పడుతోంది.”

భానోజీరావు గారు చెడ్డవారు కారు. రిటైరు కావడానికి కొద్దికాలమే ఉన్న మనిషి. అలాంటివారికి ప్రతి కాగితమూ పామే. “ఇస్తానండి. ఎవరు కాదన్నారు? కానీ అన్నీ ఒకే పెట్టెలో వచ్చిన బోర్డులు, ఒకే పోలిక. రేపు పిల్లలు ఏదో ఒకటి ఆర్పుతారు. ఆ ఆరినది సంచాలకులవారిదో కాదో చూసేవాడికెలా తెలుస్తుంది? అందుచేత ఇవ్వడం ఇస్తాను, ఆర్పడం మాత్రం కుదరదు. వెలిగించింది వెలిగించినట్టే ఉండాలి.”

“వెలిగించినట్టే ఉంటే రెండో ప్రోగ్రాము ఎక్కించడమెలాగండీ? ఎక్కించాలంటే మొదటిది ఆగాలి కదా.”

“ఒక విద్యార్థికి ఒక దీపం,” అన్నారు ఆయన. అనగానే ఆ మాట ఆయనకే నచ్చి, బ్యానరు రాయించి గేటుకు కట్టించారు.

అలా ఆ క్లాసువాళ్ళు తలొక బోర్డు ముందు కూర్చుని, జీవితంలో తలొక ప్రోగ్రాము రాశారు. ల్యాబులో పొడుగుబల్ల మీద, అదే ఇన్వర్టరుకు కలిపిన కంప్యూటర్లకు తగిలించిన ఎర్రదీపాలు బారులు తీరి వెలిగాయి. వెలిగించినవాళ్ళు లేచి బయటకొచ్చి, ఇక అక్కడ వాళ్ళకేం పని లేక వరండాలో నిలబడ్డారు. గౌరీశ్వరి అనే అమ్మాయికి ఆ మాత్రం భాగ్యం కూడా లేదు. ఆమె వంతు బోర్డు గాజుపెట్టెలో ఉంది.

ఆరని దీపాలు కనబడితే మన జనం ఊరుకుంటారా? మొదట ఎవరో తలుపు దగ్గర చెప్పులు విడిచారు. అవి చూసి అందరూ విడిచారు. శుక్రవారం నాటికి గాజుపెట్టెకు పసుపూ కుంకుమా పడ్డాయి. పిల్లల తల్లులు వచ్చి సప్లిమెంటరీలు గట్టెక్కించమని దండాలు పెట్టుకున్నారు. భానోజీరావు గారు జనాన్ని అదుపు చెయ్యడానికి దర్శన వేళలు పెట్టారు. ల్యాబు పీరియడు ఆ వేళల్లోకి రావడంతో ల్యాబు పీరియడు ఎత్తేశారు.

“మేడం,” అన్నాడు ఎర్నాయుడు ఒకనాడు. వెనక బెంచీ కుర్రాడు, మాట సూటి. “ఎలిగించడం అయితే వచ్చేసినాది. ఆర్పడం ఎప్పుడు సెప్తారండి?”

“ఆర్పడం సిలబస్‌లో లేదు నాన్నా.”

“ఫ్యాక్టరీవోళ్ళ సిలబస్‌లో ఉంటాది కదండీ.”

హైమవతికి ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కాదు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారే, నలభై బోర్డులు గుమ్మంలోకి వచ్చాక కూడా తన పిల్లలు మళ్ళీ సుద్దముక్క దగ్గరే మిగిలిపోయారు. కోపంగా తలెత్తితే క్లాసురూములో ట్యూబులైటు కనబడింది. ఆవిడ దాన్నే తేరిపార చూసింది. తరవాత నవ్వింది. పిల్లలు భయపడ్డారు.

“ఒరే, ఈ ట్యూబులైటు వెలుగుతోందా, ఆరుతోందా?”

“ఎలుగుతుందండి.”

“కాదు. సెకనుకు వందసార్లు మిణుకుతోంది. కరెంటు తీరే అంత. మన కన్ను అందుకోలేదు కనక వెలుగుతోందనుకుంటున్నాం. ఇన్నేళ్ళ నుంచీ ఇది ఇలా మోసం చేస్తుంటే దీనికెవరైనా షోకాజు నోటీసిచ్చారా?”

గౌరీశ్వరికి ముందు అర్థమైంది. “అంటే, మనం సెకను ఆగమనే చోట సెకనులో వెయ్యో వంతు ఆగమంటే?”

“నువ్వే చెప్పు.”

“అది ఆరుతూనే ఉంటాది. ఎవలకీ తెలీదు.”

ఇక మిగిలింది సింహాచలం. కొత్త ప్రోగ్రాము ఎక్కేటప్పుడు దీపం ఒక్క తుమ్ము తుమ్మినంతసేపు నిజంగానే ఆరుతుంది. హైమవతి వెళ్ళి అతనికి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను గడ్డం గోక్కున్నాడు.

“మేడంగారూ, నన్ను దీపం సూస్తా ఉండమన్నారు గానీ రెప్పెయ్యొద్దని ఆర్డరు నేదు కదండీ?”

“లేదు.”

“నాకు దినానికి నాలుగైదు సార్లు సింహాద్రప్పన్నకి దండం ఎట్టుకునే అలవాటు. కళ్ళు మూసుకోనిదే నాకు దండం కుదర్దు. పిల్లగుంటలు సదువుకుంటామంటే అప్పన్నైనా కాదంటాడేటి.”

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. ఇక్కడ పాలు తాగేది పిల్లలు, కళ్ళు మూసుకునేది సింహాచలం. దర్శనం వేళ అయ్యాక పిల్లలు వంతులవారీగా ల్యాబులోకి వెళ్ళేవారు. “అప్పన్నా” అని అతను కళ్ళు మూయగానే కీబోర్డులు టకటకలాడేవి. గౌరీశ్వరి గాజుపెట్టె పక్క తలుపు తీసి, తన వంతు బోర్డుకు ల్యాప్‌టాపు వైరు తగిలించేది. సంచాలకులవారి అఖండ జ్యోతి ఆ పూట నుంచే సెకనుకు ఐదువందలసార్లు కొండెక్కడం మొదలుపెట్టింది. పైకి మాత్రం పసుపూ కుంకుమలతో నిండుగా వెలుగుతూనే ఉంది.

అక్కడితో ఆగితే వాళ్ళు పిల్లలెలా అవుతారు? వెలిగే సమయం తగ్గించి ఆరే సమయం పెంచితే కంటికి దీపం మసకబారుతుందని కనిపెట్టారు. మెల్లగా పెంచడం, మెల్లగా తగ్గించడం నేర్చారు. ఒకరోజు భానోజీరావు గారు వచ్చేసరికి దీపాలన్నీ కాస్త మసగ్గా ఉన్నాయి. ఆయన కంగారుపడి, జోడు సవరించుకుని, స్టాఫు మీటింగు పెట్టి, సిబ్బందిలో శ్రద్ధ సన్నగిల్లిన లక్షణాలు కనబడుచున్నవని మందలించారు. మర్నాడు ఎర్నాయుడు ఒక అంకె మార్చాడు. సిబ్బందిలో శ్రద్ధ పెరిగినందుకు ప్రిన్సిపాల్ గారు అందరికీ కృతజ్ఞతలు చెప్పారు.

ఫిబ్రవరిలో ఫ్యాక్టరీవాళ్ళు వచ్చారు. ఈసారి వచ్చింది కస్తూరి అనే ఇంజనీరు. జుట్టు కత్తిరించుకున్న మనిషి, నవ్వు తక్కువ. తనవెంట తెచ్చిన బోర్డులు పిల్లలకు పంచి, పోయినేటి ప్రశ్నే అడిగింది. హైమవతి గోడవార నిలబడింది. భానోజీరావు గారు మర్యాద కోసం పక్కన కుర్చీలో కూర్చున్నారు.

స్విచ్చి ఎక్కడని ఎవరూ అడగలేదు. గబగబా రాసి, ఎక్కించి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. కస్తూరి వరసంతా తిరిగి చూసింది. అన్ని దీపాలూ నిలకడగా వెలుగుతున్నాయి. ఒక్కటీ ఆరడం లేదు.

“వెలిగించడం అందరికీ వచ్చింది,” అంది కస్తూరి. “ఆరుతూ వెలగాలన్నాను. అది ఒక్కరికీ రాలేదన్నమాట.”

ఎర్నాయుడు లేచాడు. “ఆర్తందండి. మీకు కనబడదు. కనబడేలాగ ఆర్పడం మా కాలేజీలో కూడదండి.”

కస్తూరి వాణ్ని ఎగాదిగా చూసింది. తరవాత జేబులోంచి మొబైలు తీసి, కెమెరా తెరిచి, దీపం ముందు పట్టింది. కంటికి లొంగనిది కెమెరాకు లొంగింది. తెర మీద దీపం గీతలు గీతలుగా వణుకుతోంది. పక్క బోర్డు చూసింది, ఆ పక్కది చూసింది. అంతసేపు నవ్వని మనిషి కుర్చీలో కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది.

“సరే. ఇప్పుడు నా కంటికి కనబడేలా చెయ్యండి.”

పిల్లలు హైమవతి వైపు చూశారు. ఆవిడ ప్రిన్సిపాల్ వైపు చూసింది. ఆవిడ ఉద్యోగం ఏ ఏటికాయేడు ప్రిన్సిపాల్ సంతకంతో నడిచేది. ఉద్యోగం పోతే పోయింది, పోయినేడులాగ పిల్లలు చేతులూపుకుంటూ ఇంటికి పోవడం మాత్రం ఇంకోసారి చూడలేననుకుంది.

“చెయ్యండమ్మా,” అంది.

గౌరీశ్వరి అంకె మార్చింది. ఎర్రదీపం సెకను వెలిగి, సెకను ఆరింది. ఆ వెనక మిగతా ముప్ఫైతొమ్మిది దీపాలూ అలాగే మొదలుపెట్టాయి. భానోజీరావు గారు లేచి నిలబడ్డారు. కస్తూరి పిల్లలందరినీ తీసుకుంటామని చెప్పింది. ఒక్క షరతు. పరీక్షలయ్యేలోగా ఒక్కొక్కరూ పంపుసెట్టు తనంతట తాను నడిచే కంట్రోలు ఒకటి తయారుచేసి చూపించాలి, ఉద్యోగం కాగితం అప్పుడే. ప్రిన్సిపాల్ గారు ఆ మాట వినలేదు. ఆయన సొంత మొబైలు తీసుకుని అప్పటికే ల్యాబువైపు పరుగు లాంటి నడక నడుస్తున్నారు.

గాజుపెట్టె ముందు మొబైలు పట్టి చూశారు. సంచాలకులవారి జ్యోతి తెర మీద గీతలు గీతలుగా వణుకుతోంది. “సింహాచలం, మంచినీళ్ళు” అన్నారు ఆయన. సింహాచలం అప్పన్నకు దండం పెట్టుకుంటున్నాడు.

కబురందిన మర్నాడే మార్తాండరావు గారు విచారణకు వచ్చారు. ల్యాబు తాళం వేయించి, హైమవతిని ఎదురుగా కూర్చోబెట్టారు. పక్కన భానోజీరావు గారు, ఎండు చేపలా. ఆవిడ చూపంతా ఆ తాళంచెవి మీదే ఉంది. తాళం పడితే పంపులెక్కడివి, పంపుల్లేకపోతే ఉద్యోగాలెక్కడివి?

“సూటిగా అడుగుచున్నాను. జ్యోతి ఎన్నిసార్లు ఆరినది?”

“లెక్క చెప్పలేనండి. మీరు ఈ మాట అడిగేలోపే వెయ్యిసార్లు ఆరి ఉంటుంది.”

మార్తాండరావు గారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. “ఎప్పటినుంచి?”

“డిసెంబరు నుంచండి.”

ఆయన వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నారు. డిసెంబరు నుంచి ఆయనను ఎవరూ బదిలీ చెయ్యలేదు. చెయ్యకపోగా సంక్రాంతి దాటాక అదనపు సంచాలకులుగా పదోన్నతి వచ్చింది. ఒక్కసారి ఆరినందుకు ఏజెన్సీకి వెళ్ళిన మనిషి, కోట్లసార్లు ఆరినందుకు కారూ డ్రైవరూ సంపాదించాడు. ఆ విషయం ఆయన మొహంలో మెల్లమెల్లగా తెల్లవారింది.

“ఆరినన్నిసార్లూ తిరిగి వెలిగినదా?” అని అడిగారు, గొంతు మార్చి.

“వెలిగిందండి. ఒక్కటి కూడా తక్కువ కాకుండా.”

“అనగా ఆరినవీ వెలిగినవీ సరిసమానములు. కొట్టివేయగా శేషము సున్న. భానోజీరావు గారూ, నికరముగా జ్యోతి ఆరలేదని నా నిర్ధారణ.”

“చిత్తం సార్. నాకూ అలాగే అనిపించింది సార్,” అన్నారు భానోజీరావు గారు, ప్రాణం లేచొచ్చి.

“అయితే ఒక చిక్కున్నది. ప్రారంభమున వెలిగించినది నేను. ఆ తరువాత ఇన్ని కోట్లసార్లు వెలిగించినదెవరు? నాకన్న ఎక్కువసార్లు జ్యోతి ప్రజ్వలన గావించిన వ్యక్తి ఈ శాఖలో ఉండరాదే.”

“వ్యక్తి కాదండి. బోర్డే వెలిగించుకుంది,” అంది హైమవతి.

మార్తాండరావు గారు తల పంకించారు. “అటులైన దానికి సన్మానము చేయవలసి ఉన్నది. ఒక్కసారి వెలిగించిన నాకే శాలువా కప్పిరి. దానికి కప్పకున్న రేపు ఆడిట్‌లో ప్రశ్న వచ్చును.”

సరిగ్గా అప్పుడే హైమవతి బుర్రలో దీపం వెలిగింది. మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు. “మంచి ఆలోచనండి. కానీ ఆ ఒక్క బోర్డుకే కప్పితే బావుండదేమో. మిగతావి కూడా తక్కువేం వెలగలేదు. అన్నిటికీ కలిపి బల్లంత శాలువా ఒకటి కప్పితే మీ హోదాకు తగ్గట్టుంటుంది.”

“సాధు,” అన్నారాయన.

వారం తిరక్కుండా తాళం తీయించిన ల్యాబులోనే సభ జరిగింది. పొందూరు నేతగాళ్ళతో ప్రత్యేకంగా నేయించిన బల్లంత శాలువా తెచ్చారు. గాజుపెట్టెలోంచి మొదటి బోర్డును తీసి మిగతావాటి మధ్యలో కూర్చోబెట్టారు. మంగళవాద్యాల మధ్య మార్తాండరావు గారు ఒక కొసా, భానోజీరావు గారు రెండో కొసా పట్టుకుని బోర్డులన్నిటికీ కప్పారు. దీపాలు కనబడకుండా పోయాయి. మార్తాండరావు గారు అక్కడికక్కడే నోటితో ఉత్తర్వు జారీచేశారు.

“నేను కప్పిన ఈ శాలువాను ఎవరును, ఎన్నడును, ఎట్టి కారణముచేతను తొలగించరాదు. ఎత్తి చూచుట కూడ శిక్షార్హము.”

“అలాగేనండి,” అంది హైమవతి. ఉద్యోగంలో చేరాక ఒక ఉత్తర్వుకు అంత మనస్ఫూర్తిగా తలూపడం ఆవిడకదే మొదటిసారి.

సభ అయ్యాక జనం భోజనాలకు వెళ్ళారు. సింహాచలం అప్పన్నకు దండం పెట్టుకున్నాడు. పిల్లలు శాలువా తొలగించలేదు, ఎత్తి చూడనూలేదు. బల్ల కిందికి దూరి, చేతులు పైకి పోనిచ్చి, ఒక్కొక్క బోర్డూ లాగారు. వాటి చోట ఖాళీ సుద్దముక్కల పెట్టెలు పెట్టారు. సుద్దముక్కలకు హైమవతి క్లాసులో ఇక పని లేదు కదా. శాలువా ఎత్తు ఎక్కడా తగ్గలేదు.

అక్కడినుంచి ఆ పిల్లలు మెకానికల్ షెడ్డు వెనక చేరి, ఎవరి అడ్డూ లేకుండా ఆర్పారు, వెలిగించారు, మళ్ళీ ఆర్పారు. రెండు బోర్డులు కాల్చారు కూడా. కాలిస్తేనే వస్తుంది విద్య. ఏప్రిల్లో కస్తూరి వచ్చి, పంపులు చూసి, ఉద్యోగం కాగితాలు ఇచ్చి వెళ్ళింది. ఎర్నాయుడు కాగితాన్ని రెండువైపులా తిప్పి చూసి “స్విచ్చెక్కడుందండీ” అన్నాడు. హైమవతి వాడి నెత్తిమీద ఒక్కటిచ్చి, పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

నవంబరులో జ్యోతి ప్రథమ వార్షికోత్సవానికి మార్తాండరావు గారు మళ్ళీ వచ్చారు. దీపం గదిలోకి వెళ్ళే ముందు కాళ్ళు కడుక్కోవడానికి కొళాయి దగ్గరికి నడిచారు. ఆ కొళాయికి నీళ్ళు కాలేజీ బోరు నుంచి వస్తాయి. బోరు పంపుకు గౌరీశ్వరి చేసి పెట్టిపోయిన కంట్రోలు ఉంది. ట్యాంకు ఖాళీ అయితే తనే వేస్తుంది, నిండితే తనే ఆపుతుంది. దాని లోపలున్నది ఆమె వంతు బోర్డే. పంపు షెడ్డు గోడ మీద దాని ఎర్రదీపం సెకను వెలుగుతోంది, సెకను ఆరుతోంది.

మార్తాండరావు గారు కాళ్ళు కడుక్కుంటూ దాన్ని చూశారు.

“భానోజీరావు గారూ, అక్కడేదో పనికిమాలిన దీపమొకటి కొట్టుకొనుచున్నది. ఇటువంటివి ఆవరణలో ఉంచరాదు. బాగుచేయించండి.”

“చూసుకుంటున్నామండి,” అంది హైమవతి, చేతి తువ్వాలు అందిస్తూ.

ఆయన తడికాళ్ళతో ల్యాబులోకి వెళ్ళి, శాలువా ముందు కొబ్బరికాయ కొట్టి, సాష్టాంగపడబోయి, ప్యాంటు గుర్తొచ్చి వంగి దండం పెట్టారు. లేచి సింహాచలం వైపు తిరిగారు.

“ఏమోయ్, జ్యోతి చక్కగా వెలుగుచున్నదా?”

సింహాచలం కుర్చీలోంచి లేచి చేతులు కట్టుకున్నాడు.

“ఆరగా సూసినోళ్ళు నేరు బాబూ.”